గోదాము లేని సరుకు: డెల్టాలో గ్యాసు నడిచే తీరు

పైపులో ఒత్తిడే నిల్వ, వరుసలో స్థానమే భరోసా

విజయవాడ: మిర్చి కానివ్వండి, మినుము కానివ్వండి, బియ్యం కానివ్వండి, ఏ సరుకు వర్తకానికైనా గోదాము ప్రాణం. ధర పడితే సరుకును ఆపుకోవచ్చు. లారీలు రాకపోతే నిల్వలో నుండి తీసి ఖాతాదారుకు పంపవచ్చు. గొల్లపూడి టోకు మార్కెట్టులో దుకాణం నడిపే వారికి ఈ మాట కొత్తగా చెప్పనవసరం లేదు. సహజవాయువుకు మాత్రం ఈ వసతి లేదు. అమెరికాలోను, ఐరోపాలోను ఖాళీ అయిన చమురు క్షేత్రాలలో, భూగర్భ ఉప్పు గుహలలో వేసవిలో గ్యాసు నింపి చలికాలంలో వాడుకుంటారు. మన దేశంలో అటువంటి భూగర్భ నిల్వ ఒక్కటి కూడా పనిచేయడం లేదు. బావిలో నుండి పైకి వచ్చిన గ్యాసు గంటలలోనో, మహా అయితే ఒకటి రెండు రోజులలోనో ఎక్కడో ఒకచోట మండి తీరవలసిందే.

ఈ తేడా ఇబ్రహీంపట్నం వైపు వెళితే కంటికే కనిపిస్తుంది. ఒక ప్రక్క 1979 నుండి విద్యుత్తు ఇస్తున్న థర్మల్ కేంద్రం, నేటి డాక్టర్ నార్ల తాతారావు కేంద్రం, వున్నది. దానికి బొగ్గు వ్యాగన్లలో వచ్చి యార్డులో గుట్టలుగా పడుతుంది. రెండు రోజులు రైలు ఆలస్యమైనంత మాత్రాన బాయిలరు చల్లబడదు. దానికి కొద్ది దూరంలోనే కొండపల్లి పారిశ్రామికవాడలో 2000లో ప్రారంభమైన ల్యాంకో గ్యాసు విద్యుత్ కేంద్రం వున్నది. మొదటి దశ 368 మెగావాట్లు. దీనికి యార్డు లేదు. గోదావరి అవతల, కోనసీమ తాటిపాక నుండి వచ్చే 18 అంగుళాల పైపులైనే దీనికి రైలు, యార్డు రెండూ. కృష్ణా డెల్టాలో పైపు గ్యాసు మీద ఎంతవరకు నమ్మకం పెట్టుకోవచ్చునో తెలుసుకోవాలంటే ఈ ఒక్క పైపు చరిత్ర చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఫర్నేస్ ఆయిలు వదిలి పైపు గ్యాసుకు మారాలా వద్దా అని లెక్కలు వేసుకుంటున్న ఆటోనగర్ కొలుముల వారికి, హోటళ్ల వారికి, బేకరీల వారికి ఇది పట్టవలసిన చరిత్రే.

పైపులో నిల్వ ఎంత?

గోదాము లేదన్నమాట నిజమే అయినా, పైపు పూర్తిగా ఖాళీ గొట్టం కాదు. గ్యాసును అదిమి పెట్టవచ్చు. ఒత్తిడి ఎంత పెంచితే అదే గొట్టంలో అంత ఎక్కువ సరుకు పడుతుంది. ఈ అదిమి పెట్టిన నిల్వను ఈ రంగంలోని వారు లైన్‌ప్యాక్ అంటారు. కాలువ నిండుగా వున్నప్పుడు పైన లాకులు ఒక పూట మూసినా క్రింది చేలకు నీరు అందినట్లే, పైపులో ఒత్తిడి వున్నంత సేపు బావి దగ్గర కొంత అవాంతరం వచ్చినా వాడకందారుకు తెలియదు.

అయితే ఆ వున్నంత సేపు అనేది ఎంత సేపు? లెక్క కష్టం కాదు. 18 అంగుళాల పైపు కిలోమీటరు పొడవున లోపల రమారమి 150 ఘనపు మీటర్ల ఖాళీ వుంటుంది. మన చుట్టూ వున్న గాలి ఒత్తిడి ఇంచుమించు ఒక బార్. పైపులో ఒత్తిడిని 40 బార్ల నుండి 30 బార్లకు దిగనిస్తే కిలోమీటరుకు సుమారు 1,500 ఘనపు మీటర్ల గ్యాసు బయటికి వస్తుంది. వంద కిలోమీటర్లకు లక్షన్నర. 368 మెగావాట్ల కేంద్రం పూర్తి స్థాయిలో నడిస్తే రోజుకు సుమారు 17 లక్షల ఘనపు మీటర్లు, అనగా గంటకు 70 వేల పైచిలుకు కావాలి. కనుక వంద కిలోమీటర్ల పైపులో 10 బార్లు దించి తీసిన నిల్వ ఆ కేంద్రానికి రెండు గంటలకు సరి.

ఇదే లక్షన్నర ఘనపు మీటర్లను ఇళ్ల పొయ్యిలకు పంచితే? ఒక కుటుంబం రోజుకు అర ఘనపు మీటరు లోపే వాడుతుంది. అంటే మూడు లక్షల ఇళ్లకు ఒక రోజంతా వంట. కొండపల్లిలో టర్బైను ఆగిన రోజులలో కూడా నగరంలో పొయ్యి ఆరకపోవడానికి సగం కారణం ఈ లెక్కలోనే వున్నది. మిగిలిన సగం ప్రభుత్వ కాగితాలలో వున్నది. ఆ సంగతి తర్వాత.

పైపు లావు పెరిగితే నిల్వ ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాకినాడ తీరాన గాడిమొగ నుండి బయలుదేరి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల గుండా గుజరాత్‌లోని భరూచ్ చేరే ఈస్ట్ వెస్ట్ పైపులైను వ్యాసం 48 అంగుళాలు, పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు. దానిలో వంద కిలోమీటర్లకు 10 బార్లు దించితే 11 లక్షల ఘనపు మీటర్లు వస్తుంది. అదే కొండపల్లి కేంద్రం 15 గంటలు నడవగలదు. చిన్న పైపు చివర వున్నవాడికీ, పెద్ద పైపు ప్రక్కన వున్నవాడికీ భరోసాలో ఇంత వ్యత్యాసం. కాలువ చివరి భూముల రైతులకు ఇది వివరించి చెప్పనక్కరలేదు.

పెద్ద లైనులో దూరం సాగేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి మధ్య మధ్య కంప్రెసర్ స్టేషన్లలో మళ్లీ అదుముతారు. నగరం దగ్గర ఇందుకు విరుద్ధమైన పని, ఒత్తిడి దించడం. సిటీ గేట్ స్టేషనులో గ్యాసును తూచి, వాసన లేని ఆ గ్యాసుకు లీకు తెలిసేలా మెర్‌కాప్టాన్ అనే ఘాటు వాసన ద్రవ్యం కలుపుతారు. అక్కడి నుండి ఉక్కు గొట్టాలలో 19 బార్లు, వీధులలోని పసుపుపచ్చ ప్లాస్టిక్ గొట్టాలలో 4 బార్లు, చివరికి వంటింటి పొయ్యి దగ్గర 21 మిల్లీబార్లు. ఒక మెట్టు దగ్గర రెగ్యులేటరు చెడినా సప్లయి ఆగకుండా ప్రక్కనే రెండవ వరుసను సిద్ధంగా వుంచుతారు. విజయవాడలో ఈ పని గెయిల్, హెచ్‌పీసీఎల్ ఉమ్మడి సంస్థ భాగ్యనగర్ గ్యాస్ చేస్తున్నది.

తడిసిన సరుకు

ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రం బస్తా వెనక్కి పంపుతుంది. గ్యాసుకూ తేమ నిబంధన వున్నది. ప్రధాన పైపులలో వెళ్లే గ్యాసులో ఘనపు మీటరుకు 112 మిల్లీగ్రాములకు మించి నీరు వుండరాదు. చూడడానికి చిన్న నిబంధన. దాని విలువ ఎంతో 2014లో ఒక గ్రామం చెప్పింది.

ఆ సంవత్సరం జూన్ 27 తెల్లవారుజామున, అప్పటి తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పగిలింది. అది తాటిపాక నుండి కొండపల్లికి వచ్చే ఈ 18 అంగుళాల లైనే. బయటపడిన గ్యాసు ఊరి మీద పరచుకొని, నిప్పు సోకగానే మంటలు ఇళ్లను, దుకాణాలను, కొబ్బరి చెట్లను చుట్టుముట్టాయి. 20 మందికి పైగా చనిపోయారు. కేంద్ర పెట్రోలియం శాఖ జరిపించిన విచారణలో తేలిన సంగతి ఏమంటే, పొడి గ్యాసు కోసం వేసిన పైపులో తడి గ్యాసును పంపుతూ వచ్చారు. గ్యాసుతో పాటు వచ్చిన నీరు, ద్రవాలు పైపు అడుగున చేరి ఉక్కును లోపలి నుండి తినివేశాయి.

గ్యాసులో కొంత బొగ్గుపులుసు వాయువు ఎప్పుడూ వుంటుంది. పొడిగా వున్నంత కాలం దానివల్ల హాని లేదు. నీరు తోడైతే పలుచని ఆమ్లం తయారవుతుంది, పైపు పల్లంలో నిలుస్తుంది. పైపు బయటి తుప్పుకు మందు వున్నది: పూత వేస్తారు, సన్నని విద్యుత్తు పంపి ఉక్కును కాపాడతారు. లోపలి తుప్పుకు మాత్రం గ్యాసును ఆరబెట్టి పంపడం, లోపలికి పిగ్ అనే పరికరాన్ని తోసి శుభ్రం చేసి గోడ మందం కొలవడం తప్ప వేరు దారి లేదు. రెండూ ఖర్చుతో, వ్యవధితో కూడిన పనులు. ఖర్చు ఆదా అయిందని ఎవరైనా అనుకొని వుంటే, ఆ లెక్క నగరం గ్రామంలో తేలిపోయింది.

ఆ రోజుతోనే కొండపల్లికి ఆ దారిన వచ్చే గ్యాసు ఆగింది. గోదావరి జిల్లాల గ్యాసు విద్యుత్ కేంద్రాలకు కూడా దెబ్బ తగిలింది, ఎందుకంటే ప్రమాదం తర్వాత మిగిలిన లైన్లను కూడా పరీక్షించకుండా నడపడానికి వీలు లేకపోయింది. ఒకచోట తెగినప్పుడు మరొక వైపు నుండి సరుకు తిప్పి పంపగలిగితేనే దాన్ని వలయం అనవచ్చు. ఒక్క దారి మాత్రమే వున్న గొట్టం ఎంత పొడవున్నా కొమ్మే. తర్వాత పాత పైపుల మార్పిడి జరిగింది, గ్యాసును ఆరబెట్టే యూనిట్లు వచ్చాయి. ఆ పనులు ముందే జరిగి వుండవలసింది.

బావిలో వుంటేనే

పైపు ఎంత చక్కగా వున్నా మొదట్లో గ్యాసు వుండాలి. కొండపల్లికి తగిలిన రెండవ దెబ్బ ఇది. కాలక్రమంలో చూస్తే ఇదే ముందు తగిలింది. 2009 ఏప్రిల్‌లో రిలయన్స్ కేజీ డీ6 క్షేత్రం నుండి ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్న అంచనా మీద గ్యాసు విద్యుత్ కేంద్రాలు పోటీలు పడి లేచాయి. కొండపల్లిలో 366 మెగావాట్ల రెండవ దశ, ఆపైన 742 మెగావాట్ల మూడవ దశ నిర్మించారు. ఉత్పత్తి 2010లో 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. అక్కడి నుండి పడడం మొదలై 2013లో కోటిన్నరకు దిగింది. బావులు తక్కువ తవ్వారని ప్రభుత్వం, భూగర్భం అనుకున్నట్లు లేదని కంపెనీ వాదించుకున్నాయి. వాదన ఎటు తేలినా, 2013 మార్చి నాటికి విద్యుత్ కేంద్రాలకు డీ6 గ్యాసు దాదాపు నిలిచిపోయింది. 48 అంగుళాల ఘనమైన పైపు వుంది, అందులో వెళ్లవలసిన సరుకు లేదు. ఉత్తరోత్తరా 2020 డిసెంబరు నుండి కొత్త లోతు సముద్రపు బావులు పనిచేసి డీ6 ఉత్పత్తి మళ్లీ పుంజుకున్నది. ఓఎన్‌జీసీ వారి కేజీ 98/2 బ్లాకు కూడా 2020లో గ్యాసు ఇవ్వడం ప్రారంభించింది. కొండపల్లి యంత్రాలకు ఆ ధర గిట్టుతుందా అనేది వేరే ప్రశ్న.

ఎవరి వంతు ముందు?

సరుకు తగ్గినప్పుడు ఎవరికి ముందు ఆపుతారు అన్నదే కొనుగోలుదారు ముఖ్యంగా అడగవలసిన ప్రశ్న. కిరాణా వర్తకంలో పాత ఖాతాదారుకు ముందు, కొత్తవాడికి తర్వాత అనే వాడుక వుంటుంది. గ్యాసులో ఈ వరుసను కేంద్ర ప్రభుత్వం వ్రాసిపెట్టింది. డీ6 రోజులలో ఎరువుల ఫ్యాక్టరీలు ముందు, ఎల్‌పీజీ తీసే ప్లాంట్లు తర్వాత, ఆ వెనుక విద్యుత్తు, ఆపైన నగర గ్యాసు. 2014 నుండి దేశీయ చౌక గ్యాసులో ఇంటి పొయ్యికీ, వాహనాల సీఎన్‌జీకీ మొదటి వరుస ఇచ్చారు. కనుక విజయవాడ ఆటోకు, సిటీ బస్సుకు, వంటింటికి గ్యాసు తప్పదు.

హోటలు, బేకరీ, ఫౌండ్రీ మాత్రం ఆ వరుసలో లేవు. అదే వీధి, అదే పసుపుపచ్చ గొట్టం, అదే కంపెనీ మీటరు. అయినా వాటికి వచ్చేది బజారు ధర గ్యాసు. దీనిలో దిగుమతి ఎల్ఎన్‌జీ వాటా ఎంత వుంటే ధరలో ఒడిదుడుకులు అంత. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఆసియా స్పాట్ ఎల్ఎన్‌జీ పది లక్షల బీటీయూలకు 60 డాలర్లు దాటింది. ఆ సంవత్సరం గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ యూనిట్లు చాలావరకు పైపు గ్యాసు వదిలి ప్రొపేనుకు తిరిగాయి. గాజ్‌ప్రోమ్ పాత అనుబంధ కంపెనీ నుండి గెయిల్‌కు రావలసిన కార్గోలు రాక, గెయిల్ తన కొనుగోలుదార్లకు సప్లయి తగ్గించింది. కాంట్రాక్టు చేతిలో వుండటం వేరు, సరుకు చేతికి రావడం వేరు అని పత్తి, మిర్చి వర్తకులు ఎరిగినదే.

మొదటి వరుస వారికి కూడా చౌక గ్యాసు నిండుగా రావడం లేదు. పాత బావుల దిగుబడి తగ్గుతున్నందున 2024 అక్టోబరు, నవంబరు నెలలలో నగర గ్యాసు కంపెనీల చౌక కేటాయింపును వెంటవెంటనే రెండు విడతలు కోశారు. లోటును అవి ఖరీదైన గ్యాసుతో పూడ్చుకోవలసి వచ్చింది. సప్లయి ఆగలేదు, భారం ధర మీద పడింది.

హుండీ వంటి ఏర్పాటు

దిగుమతి ఎల్ఎన్‌జీ పడమటి తీరాన దహేజ్‌లో దిగుతుంది. తూర్పు తీరంలో 2019లో ఎన్నూరు, 2023లో ఒడిశాలోని ధామ్రా టెర్మినళ్లు మొదలైనవి. ఆంధ్ర తీరంలో ఒక్కటీ లేదు. మరి దహేజ్‌లో కొన్న గ్యాసు డెల్టాకు ఎలా చేరుతుంది? చాలా సందర్భాలలో చేరనవసరమే లేదు. కాకినాడ నుండి గుజరాత్ వెళ్లవలసిన గ్యాసును ఇక్కడే ఇచ్చివేసి, అక్కడి వాడకందారుకు దహేజ్ గ్యాసు ఇస్తారు. బొంబాయిలో సొమ్ము కట్టి బెజవాడలో హుండీ మార్చుకున్నట్లు. ఒక్క నాణెం కూడా రైలెక్కదు. పైపులు ఒకదానితో ఒకటి కలిసినందువల్లనే ఈ సర్దుబాటు సాధ్యం. పశ్చిమగోదావరి కుంచనపల్లి నుండి రామగుండం ఎరువుల ఫ్యాక్టరీకి వేసిన శాఖ కూడా ఇటువంటి కలయికే. 2021 నుండి ఆ గ్యాసు యూరియాగా మారుతున్నది. ఎరువుల డీలర్లకు గ్యాసు లైను ఒత్తిడితో అంతవరకు సంబంధం వున్నట్లే.

రవాణా చార్జీలలో 2023 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత టారిఫ్ వచ్చింది. అంతకు ముందు రెండు కంపెనీల పైపుల మీదుగా వచ్చే గ్యాసుకు రెండుసార్లు కూలి కట్టవలసి వచ్చేది. ఏకీకృత విధానం మొదలైనప్పుడు 300 కిలోమీటర్ల లోపు, 1,200 లోపు, ఆపైన అని మూడు మండలాలు పెట్టారు.

తెరమీది ధర, పైపులోని ధర

ఇక్కడ సట్టాదారులకు ఒక మాట. ఎంసీఎక్స్‌లో నడిచే నేచురల్ గ్యాసు, 1,250 ఎంఎంబీటీయూల లాటు, కేజీ బేసిన్ సరుకు కాదు. అది అమెరికాలోని లూసియానా రాష్ట్రపు హెన్రీ హబ్ ధరకు నీడ. అక్కడ చలి పెరిగితే పెరుగుతుంది, తగ్గితే పడుతుంది. 2022 ఆగస్టులో అది 9 డాలర్లు దాటి, 2024 ఆరంభంలో 2 డాలర్ల లోపుకు పడింది. మన పాత క్షేత్రాల గ్యాసుకు ప్రభుత్వ ధర 2021 ఏప్రిల్‌లో 1.79 డాలర్లు, 2022 అక్టోబరులో 8.57 డాలర్లు. 2023 ఏప్రిల్ నుండి ముడిచమురు ధరలో 10 శాతంగా లెక్కకట్టి, ఆ గ్యాసుకు మొదట 6.50 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టారు. కొత్త బావుల గ్యాసుకు 12 శాతం. లోతు సముద్రపు గ్యాసుకు ఆరు నెలలకొకసారి ప్రకటించే వేరే గరిష్ఠం. అది 2022 అక్టోబరులో 12.46 డాలర్లు, ఏడాదికి 9.96. అంటే కొండపల్లి దగ్గర ఒకే గొట్టంలో వచ్చే సరుకుకు మూడు నాలుగు ధరలు వుండవచ్చు. తెరమీది ధర వీటిలో ఒకటీ కాదు.

నిజమైన సరుకు బజారు కావాలంటే 2020 జూన్ 15న ప్రారంభమైన ఇండియన్ గ్యాస్ ఎక్స్ఛేంజి చూడాలి. దాని మొదటి డెలివరీ కేంద్రాలు మూడు: దహేజ్, హజీరా, మన గోదావరి జిల్లాలోని ఓదూరు. 2022 మేలో ఓఎన్‌జీసీ తన 98/2 బ్లాకు గ్యాసును ఈ ఎక్స్ఛేంజిలో అమ్మి, అక్కడ స్వదేశీ గ్యాసు అమ్మిన మొదటి ఉత్పత్తిదారు అయింది. కోనసీమ అంచున వున్న ఒక పల్లె పేరు బ్రోకర్ల కాగితాల మీదికి రావడం విశేషమే.

గ్యాసు రోజు ఉదయం 6 గంటలకు మొదలై మరునాడు 6 గంటలకు ముగుస్తుంది. పెద్ద కొనుగోలుదారు రేపు ఎంత తీసుకుంటాడో ముందే నామినేషన్ ఇవ్వాలి. చెప్పినదానికి మించి తీసినా, బాగా తక్కువ తీసినా జరిమానా. ఇది కఠినంగా కనిపించినా, పైపులో ఒత్తిడి నిలబెట్టేది ఈ నియమమే. ఒకడు చెప్పకుండా ఎక్కువ లాగితే చివరివాడి దగ్గర మంట సన్నగిల్లుతుంది.

చిన్న వాడకందారు కాంట్రాక్టులో కనీస వినియోగం నిబంధన వున్నదీ లేనిదీ చూసుకోవాలి. సీజనులో ఆరు నెలలే నడిచే యూనిట్లకు ఆ షరతు బరువు. ధర దేనికి ముడిపెట్టారు, ముడిచమురుకా, ఎల్ఎన్‌జీకా, ప్రత్యామ్నాయ ఇంధనానికా అన్నది రెండవ అంశం. కొరత వస్తే ఎన్ని గంటల ముందు నోటీసు ఇస్తారన్నది మూడవది. దీన్ని చాలామంది అడగరు. లెక్క పోల్చుకోవడానికి, 19 కిలోల వాణిజ్య సిలిండరు సుమారు 23 ఘనపు మీటర్ల పైపు గ్యాసుకు సమానం. లీటరు ఫర్నేస్ ఆయిలు రమారమి ఒక ఘనపు మీటరు. డాలర్లలో చెప్పే పది లక్షల బీటీయూలు అంటే 26 ఘనపు మీటర్లు కాస్త అటూ ఇటూ. పైపుకు మారినా పాత ఆయిలు బర్నరును తుక్కుకు వేయకుండా, రెండు ఇంధనాలకూ పనికివచ్చే బర్నరు పెట్టుకుంటే దాని ఖర్చు ఒక్క కొరతలోనే తిరిగి రావచ్చు. మోర్బీలో 2022లో త్వరగా ప్రొపేనుకు మళ్లగలిగినవారు ఆ ఏర్పాటు వున్నవారే.